ఎనిమిది ప్రయోగాలా, పదహారా?

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను కాజీపల్లిలోని ఒక మందుల కంపెనీ పరిశోధన విభాగంలో సీనియర్ స్టాటిస్టీషియన్‌గా వేశారు. హోదా పెద్దదే గాని కింద మనుషులెవరూ లేరు. ప్రయోగాలు చేయడం నా పని కాదు. ఏ పథకం ప్రకారం చేస్తే ఏం తెలుస్తుందో, ఏం తెలియకుండా పోతుందో ముందే లెక్కగట్టి చెప్పాలి.

ఆ వానాకాలం రెండో బ్లాకులో ఒక సరుకు బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఫెయిలయింది. ఉండకూడని మలినం హద్దు దాటుతోంది. అనుమానించదగ్గ కారకాలు ఏడు: వేడి, ద్రావకంలో తేమ, రసాయనం పోసే వేగం, ఇలా. ఒక్కోదానికి ఎక్కువ, తక్కువ అని రెండే స్థాయిలు పెట్టినా అన్ని కలయికలూ చూడాలంటే నూట ఇరవై ఎనిమిది ప్రయోగాలవుతాయి. అంత ఓపిక ఎవరికుంటుంది? నేను పదహారు అడిగాను. ప్రొడక్షన్ మేనేజరు ఎనిమిదితో తేల్చమన్నారు.

తేలింది. పోసే వేగమే కారణమని అంకె చెప్పింది. బ్లాకులో పోయడమంటే వాల్వు తిప్పి చేత్తో చేసే పని. ఫెయిలైన బ్యాచ్‌లలో ఎక్కువ భానూరు నుంచి వచ్చే సీనియర్ ఆపరేటరు యాదగిరి షిఫ్టువి. తాను వేగంగా పోయలేదని, ద్రావకం డ్రమ్ముల్లో తేమ చేరిందని అతను ఎంత మొత్తుకున్నా వినకుండా డ్యూటీ నుంచి తప్పించి విచారణ వేశారు. ఉద్యోగం పోవడం ఖాయమని అందరూ అనుకున్నారు.

నాకు ఒళ్లు మండింది. ఎనిమిది ప్రయోగాల పథకంలో పోసే వేగం ప్రభావమూ, వేడీ తేమా జతకూడి చూపే ప్రభావమూ ఒకే అంకెలో కలిసిపోతాయి. మా వృత్తిలో దాన్ని ఏలియాసింగ్ అంటారు. ఆ అంకె పట్టుకుని తప్పు చేతిదో తేమదో ఎవరూ చెప్పలేరు. ఈ సంగతి నేను ముందే రెండు పథకాలూ పక్కపక్కన పెట్టి చూపించాను.

“మీ లెక్కల కోసం బ్యాచ్‌లు ఆపమంటారా మేడమ్?” అన్నారు మేనేజరు.

“బ్యాచ్‌లు ఆపొద్దు. మనిషిని ఆపారుగా, దాని సంగతి చూడండి,” అన్నాను.

చివరికి ఒప్పుకున్నారు. మొదటి ఎనిమిదింటిలో ఎక్కువ ఉన్నచోట తక్కువ, తక్కువ ఉన్నచోట ఎక్కువ పెట్టి ల్యాబులో మరో ఎనిమిది చేయించాను. అన్నీ కలిపి చూస్తే ఆ రెండు ప్రభావాలూ విడిపోతాయి. కారణం తేమే కావాలని లోపల గట్టిగా కోరుకున్నాను. కాలేదు. పోసే వేగమే. వేడీ తేమల జతకు చెప్పుకోదగ్గ పాత్ర లేదు.

“నేను ముందే అన్నానుగా,” అన్నారు మేనేజరు.

యాదగిరికి నేనే చెప్పాలనిపించింది. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, ఈసారి రెండింటినీ ఎలా విడదీశామో వివరించాను.

“తేమ కాదా మేడమ్? మంచిగ చూసిండ్రా?”

“చూశాం. కాదు.”

“అయితే మా చేతులదే. షిఫ్టు దిగేలోపు పోసుడు అయిపోవాలె అని ఆఖర్ల వాల్వు జెర ఎక్కువ ఇప్పుతం. సగం పని వచ్చెటోని నెత్తిన పెట్టి పోతె ఏం మర్యాద? బ్లాకుల అందరం గట్లనే చేస్తం. దానితోని గింత అయితదని నేననుకోలే.”

విచారణలోనూ ఇదే మాట చెప్పాడు. ఉద్యోగం నిలిచింది గాని సీనియర్ హోదా పోయింది. పోయడం సగంలో ఉన్నా తర్వాతి షిఫ్టుకు అప్పగించవచ్చని, ఇద్దరూ సంతకం చేయాలని కొత్త నియమం వచ్చింది. మలినం హద్దులోకి దిగింది.

రెండు పథకాలూ ఒకే జవాబు ఇచ్చాయి కాబట్టి రెండోది దండగని ఆ తర్వాత చాలామంది నాతో అన్నారు. పథకాలను పోల్చేటప్పుడు చూడాల్సింది జవాబు ఒకటేనా కాదా అన్నది కాదు, ఆ జవాబులో ఇంకేం కలిసి ఉందన్నది. మొదటి జవాబు విని యాదగిరి కాదన్నాడు. రెండోది విన్నాక వాల్వు ఎందుకు ఎక్కువ తిప్పుతారో చెప్పాడు.