అమ్మ భుజం ఎత్తు

అమ్మకు పేస్‌మేకర్ పెట్టించి కాకినాడ నుంచి ఇంటికి తీసుకొస్తున్న రోజున, కారులో సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో ఆమెకు నేనే చెప్పాను. తప్పుగా చెప్పాను. తప్పని తెలియడానికి పది రోజులు పట్టింది.

అమ్మ ఏఎన్ఎమ్‌గా చేసి రిటైరైంది. సర్వీసంతా లంక గ్రామాల్లోనే. సైకిలు వెళ్ళినంత దూరం సైకిలు మీద, అక్కడి నుంచి పడవ మీద వెళ్ళి పిల్లలకు టీకాలు వేసింది. మనిషి నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. నాకు మాత్రం నాన్న పొడవు వచ్చింది. ఇదెందుకు చెబుతున్నానంటే, మూడేళ్ళుగా ఆ కారు నడుపుతున్నా బెల్టు నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది లేని వస్తువును ఎవరూ పరీక్షగా చూడరు.

అది సెకండ్ హ్యాండ్ కారు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర కొన్నాం. మా ఆయనది ఓడలరేవు దగ్గర గ్యాసు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ కావడంతో ముక్తేశ్వరంలో ఇంటి పనులకీ, నేను పాఠాలు చెప్పే హైస్కూలుకీ, అమ్మ ఆసుపత్రికీ కారు నడిపేది నేనే.

ఆసుపత్రి నుంచి పంపించేముందు డాక్టరు చాలా జాగ్రత్తలు చెప్పేడు. ఎడమ చెయ్యి భుజం కంటే పైకి ఎత్తకూడదు, బరువులు మొయ్యకూడదు, సెల్‌ఫోను చొక్కా జేబులో పెట్టుకునే అలవాటున్నవాళ్ళు మానుకోవాలి. బెల్టు గురించి కూడా ఏదో అన్నాడు. పెట్టుకోవచ్చన్నాడని గుర్తుంది. మిగతా సగం నా చెవికెక్కలేదు. అప్పటికి నాలుగు రాత్రులుగా నిద్ర లేదు. అమ్మ గుండె ఒక పెట్టె మీద ఆధారపడి కొట్టుకుంటోందన్న ఊహే నన్ను కుదురుగా నిలవనివ్వడం లేదు.

యానాం వంతెన దాటాక అమ్మ మెడ తడుముకోవడం మొదలుపెట్టింది.

"మెడ కోసుకుపోతోందే. కుట్ల మీద కూడా రాసుకుంటోంది," అంది.

చూస్తే నిజమే. ముందు సీటులో ఎడమవైపు తలుపు పక్కన నిలువు కమ్మీ పైనుంచి దిగిన బెల్టు ఆమె భుజాన్ని దాటి నేరుగా మెడ మీదుగా వస్తోంది. చెవి కింద ఎర్రటి చార పడింది.

"చంక కింద నుంచి తీసుకోమ్మా. నడుం దగ్గర ఎలాగూ పట్టే ఉంటుందిగా," అన్నాను.

ఆమె నావైపు ఒక క్షణం చూసింది. తర్వాత బెల్టును చంక కిందికి లాక్కుని, "ఆ, ఇదే నయం," అంది. ఆ రోజు నుంచి అలాగే కూచునేది.

ఇంటికొచ్చాక నా అవస్థ పెరిగింది తప్ప తగ్గలేదు. క్లాసులో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోయేదాన్ని. విరామంలో ఫోను చేసేదాన్ని. ఇంట్లో ఆమె కునుకు తీస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి దుప్పటి పైకీ కిందికీ కదులుతోందో లేదో చూసేదాన్ని. కారులో మరీ అన్యాయం. నాలుగు నిమిషాలకోసారి ఎడమవైపు తల తిప్పేదాన్ని.

"నన్నేంటే చూడ్డం? రోడ్డు చూడు," అనేది అమ్మ.

పదో రోజున అమలాపురంలో కుట్లు తీయించుకుని వస్తున్నాం. ఉదయం పదకొండు దాటింది. అయినవిల్లి దాటాక ఒక పక్క కాలువ, రెండో పక్క కొబ్బరితోటలు. అంతసేపూ కుట్లు తీసిన నర్సు చేతి నేర్పు గురించి మాట్లాడిన అమ్మ ఉన్నట్టుండి ఊరుకుంది. కళ్ళు మూసుకుంది. నేను తల తిప్పాను. ఛాతీ కదులుతోందా లేదా అని చూశాను. కదులుతోంది. అయినా ఇంకోసారి కదిలేదాకా చూశాను.

మళ్ళీ రోడ్డు వైపు తల తిప్పేసరికి మలుపులో ట్రాక్టరు ఆగి ఉంది. దాని వెనక ట్రక్కు నిండా కొబ్బరికాయలు. బ్రేకు తొక్కాను. కారు జారుకుంటూ వెళ్ళి ట్రక్కు వెనక తలుపుకి కొట్టుకుంది. పెద్ద దెబ్బేం కాదు. ఒక లైటు పగిలింది, నాలుగైదు కాయలు బానెట్టు మీద పడి దొర్లుకుంటూ కాలువలోకి పోయాయి. అమ్మ నోట్లోంచి మాత్రం ఒక చిన్న శబ్దం వచ్చింది, ఊపిరి మధ్యలో తెగినట్టు.

ట్రాక్టరాయన పరుగెత్తుకొచ్చేడు. "ఏమైందండీ? అమ్మగారికేమైనా తగిలిందాండీ?"

అమ్మే చెప్పింది. కుడి చేత్తో ఎడమ పక్కటెముకల మీద వేళ్ళు పెట్టి, ఒక్కో ఎముకనూ నొక్కుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది.

"ఇక్కడ. రెండు పోయినట్టున్నాయి. వెనక్కి ఆసుపత్రికే పోవాలి బాబూ. మా అమ్మాయి ఇప్పుడు నడపలేదు. ఆటో ఏదైనా పిలువు," అంది.

"ఆయ్, ఇప్పుడే పిలుస్తానండి," అని ఆయన రోడ్డుకి అడ్డంగా నిలబడి వచ్చే ఆటోను ఆపేడు. అమ్మను జాగ్రత్తగా ఎక్కించి, నా కారు తాళాలు తీసుకుని, పక్కకు పెట్టిస్తానని చెప్పేడు. కాలువలో పోయిన కాయల మాట ఎత్తనే లేదు.

ఆటోలో ప్రతి గుంతకీ అమ్మ కళ్ళు మూసుకునేది. గుంత దాటగానే, "స్ప్లీన్ కూడా ఎడమ పక్కే ఉంటుందే," అంది ఒకసారి. నన్ను బెదిరించడానికి కాదు. లోపల ఏ అవయవానికి దెబ్బ తగిలి ఉంటుందో తనలో తాను లెక్క చూసుకుంటోంది.

స్కాను గది బయట నేను కూచోలేకపోయాను. నీళ్ళ కుండీ దగ్గర నుంచి మందుల కొట్టు దాకా, మళ్ళీ అక్కడి నుంచి నీళ్ళ కుండీ దాకా తిరిగాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. ఎక్స్‌రే పట్టుకుని వచ్చి అడిగింది.

"బెల్టు పెట్టుకున్నారాండీ?"

"పెట్టుకున్నారండి."

"ఎలా పెట్టుకున్నారు?"

నా చంక కింద చెయ్యి పెట్టి చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"భుజం ఎముక, ఛాతీ మధ్య ఎముక, తుంటి ఎముకలు, ఇవండీ గట్టివి. బండి ఆగినప్పుడు బెల్టు వీటి మీద ఆనాలి. చంక కింద పెడితే దెబ్బంతా కింది పక్కటెముకల మీదకి వస్తుందండి. వాటి వెనకాలే స్ప్లీన్, అది చితికితే లోపలే రక్తం పోతుందండి. అదృష్టం, దానికేం కాలేదు. పేస్‌మేకర్ తీగలు కూడా బాగానే ఉన్నాయి. రెండు ఎముకలు చిట్లేయి, అంతే. ఇలా పెట్టుకోమని ఎవరు చెప్పేరండీ?"

నేను నోరు తెరిచాను. స్ట్రెచరు మీద నుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఎవరూ చెప్పలేదమ్మా. నేనే పెట్టుకున్నాను."

డాక్టరమ్మ రాసుకుని వెళ్ళిపోయింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

నేను హైస్కూల్లో ఫిజిక్సు చెబుతాను. ఏటా బోర్డు మీద బస్సు బొమ్మ గీసి, బస్సు ఠక్కున ఆగితే లోపలి మనుషులు ఎందుకు ముందుకు తూలతారో చెబుతాను. బాణం గుర్తు కూడా వేస్తాను. ఆ తూలే మనిషిని ఏది పట్టుకుంటుంది, ఎక్కడ పట్టుకుంటుంది అన్న మాట ఇన్నేళ్ళలో నాకు తోచలేదు, ఏ పిల్లా అడగలేదు.

మూడు రోజుల తర్వాత కారు కొత్తపేటలో షెడ్డులో ఉంటే చూడ్డానికి వెళ్ళాను. మెకానిక్కు నడివయసు మనిషి. లైటు బిగించడం అయ్యాక, ఇంకేమైనా ఉందా అని అడిగేడు.

"ఎడమవైపు బెల్టు మా అమ్మ మెడకి తగులుతుందండి. ఏమైనా చెయ్యొచ్చా?" అన్నాను.

ఆయన తలుపు తీసి, కమ్మీ మీద బెల్టు వేలాడే చోట ఉన్న ప్లాస్టిక్ ముక్కను బొటనవేలితో నొక్కేడు. కదల్లేదు. ఒక గుడ్డతో తుడిచి, గాలి కొట్టి, మళ్ళీ నొక్కి కిందికి లాగేడు. టక్‌మని ఒక మెట్టు దిగింది. టక్, టక్. మొత్తం నాలుగు మెట్లు.

"హైటు అడ్జస్టరండి ఇది. మీ ముందు వాడినాయన బాగా పొడుగేమో, పైమెట్టులో పెట్టేసేరు. దుమ్ముకి బిగుసుకుపోయింది. పొట్టివాళ్ళు కూచుంటే దించుకోవాలండి. మీకు తెలీదాండీ?"

"తెలీదండి," అన్నాను.

"మీవైపు కూడా ఉందండి," అన్నాడు.

వెళ్ళి చూశాను. ఉంది. మూడేళ్ళుగా నా కుడి చెవికి జానెడు దూరంలో ఉంది. ఎడమ సీటులో కూచుని ఆ ముక్కను పైకీ కిందికీ చాలాసేపు జరిపాను. మెకానిక్కు తన పని చూసుకున్నాడు. దారి దొరికిందన్న సంతోషం రాలేదు. ఒళ్ళు మండింది. అంత తేలిక పని చెయ్యకుండా అమ్మ ఎముకలు విరగ్గొట్టాను.

ఆ మంటతోనే కొన్నాళ్ళు తిరిగాను. స్కూల్లో ఎవరి కారు కనబడితే వాళ్ళ కారు తలుపు తీయించి చూసేదాన్ని. హెడ్మాస్టరుగారు నవ్వేరు గానీ, వాళ్ళావిడకోసం రెండు మెట్లు దించేరు. పొట్టిగా ఉండే లెక్కల టీచరు కారులో మాత్రం జరిపే ముక్కే లేదు. ఒకే చోట బోల్టు బిగించి ఉంది.

"మాదాంట్లో లేదు కదండీ. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అంది ఆమె.

సీటు ఎత్తు పెంచుకోమన్నాను. అది కూడా పెరగదంది. క్లిప్పు పెట్టి బెల్టును కిందికి గుంజి కట్టుకుంటానంది. అలా చేస్తే బెల్టు వదులైపోతుందేమోనని నాకు అనుమానం. నేను చెప్పిన ఒక సలహా ఎంత పని చేసిందో చూశాక ఇంకో సలహా చెప్పడానికి నోరు రాలేదు. కంపెనీ షెడ్డులో అడగండని మాత్రం అన్నాను. ఆమె నొచ్చుకున్నట్టే వెళ్ళిపోయింది.

ఇంట్లో అమ్మ దిండ్ల మీద వాలి కూచుని, డాక్టరు చెప్పినట్టు గంటకోసారి గట్టిగా ఊపిరి తీసి వదిలేది. ప్రతి ఊపిరికీ ముఖం ముడుచుకునేది. ఒక సాయంత్రం ఇక పట్టలేక అడిగాను.

"డాక్టరమ్మ దగ్గర అబద్ధం ఎందుకాడేవమ్మా?"

"అబద్ధమేముంది? పెట్టుకున్నది నేనే గదా."

"చెప్పింది నేను."

అమ్మ ఊపిరి వదిలింది. "చెప్పేవు. నేను నర్సుని. కడుపులో స్ప్లీన్ ఎక్కడుంటుందో నీకంటే నాకు బాగా తెలుసు. తప్పేమోనని ఆ రోజే అనిపించింది. మెడ మంట తగ్గింది గదా అని ఊరుకున్నాను. నా వాటా నాకుంది."

నేను ఆమె పాదాల దగ్గర దుప్పటి సర్దుతూ కూచున్నాను.

"దానికి నాకేం కోపం లేదు," అంది మళ్ళీ. "రోడ్డు చూడకుండా నన్ను చూశావు చూడు, దానికి మాత్రం ఉంది. ట్రాక్టరు బదులు స్కూలు పిల్లలుంటే?"

ఇన్నాళ్ళూ బెల్టు గురించి పడ్డ బాధంతా అసలు తప్పు కనబడకుండా నేను కప్పుకున్న దుప్పటేమో అనిపించింది.

నెలన్నరకు ఎముకలు అతుక్కున్నాయి. సఖినేటిపల్లిలో ఉంటున్న తన స్నేహితురాలిని చూడాలంది అమ్మ. ఇద్దరూ ఒకే ఆరోగ్య కేంద్రంలో పనిచేసినవాళ్ళు. బయలుదేరేముందు ఎడమవైపు ముక్కను కింది మెట్టుకు దించాను. డాక్టరు మొదట్లో చెప్పిందేమిటో ఈసారి మళ్ళీ వెళ్ళి అడిగి తెలుసుకున్నాను. పేస్‌మేకర్ ఉబ్బెత్తు మీద బెల్టు ఆనినా ఏమీ కాదట, ఒరుసుకోకుండా పలచటి మెత్తటి గుడ్డ వేసుకుంటే చాలట.

అమ్మ కూచుని బెల్టు లాక్కుంది. అటూ ఇటూ కదిలి చూసుకుంది.

"మరీ దించేవు. భుజం మీంచి జారుతోంది. ఒక మెట్టు ఎక్కించు."

ఎక్కించాను. బెల్టు భుజానికి సరిగ్గా మధ్యలో కూచుంది. మెడకు తగల్లేదు, జారలేదు.

కారు కదిలింది. కాలువ గట్టు ఎక్కగానే నా తల దానంతటదే ఎడమవైపుకి తిరగబోయింది. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. ఎదురొచ్చిన ప్రతి బోర్డూ పైకి చదివింది. ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఏ సంవత్సరం ఎవరికి కవలలు పుట్టేరో చెప్పింది. సూదికి భయపడి కొబ్బరిచెట్టెక్కిన పెద్దమనిషి గురించి చెప్పింది. అమలాపురం దాటినా ఆపలేదు, రాజోలు దాటినా ఆపలేదు. ఎందుకు మాట్లాడుతోందో నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. గొంతు వినబడుతున్నంతసేపూ నేను తిరిగి చూడక్కర్లేదు.

సఖినేటిపల్లి రేవు దగ్గర స్నేహితురాలు కనబడగానే, కుశలం అడగడానికి ముందే ఆమెను కారులో కూచోబెట్టి ఆ ముక్క నొక్కి చూపించింది అమ్మ. ఆమె ఇంకా పొట్టి. ఒక మెట్టు దించాల్సి వచ్చింది. "మా అల్లుడి కారులో ఉందో లేదో చూడాలండీ," అంది ఆమె.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ అలిసిపోయింది. గొంతు బొంగురుపోయింది. రాజోలు దాటాక మాట ఆగిపోయింది. అర కిలోమీటరు ఓర్చుకున్నాను, ఇంకాస్త ఓర్చుకున్నాను. ఎడమవైపు సిగ్నలు వేసి, అద్దంలో వెనక బండ్లు చూసుకుని, కారును రోడ్డు దించి పూర్తిగా ఆపాను. అప్పుడు తిరిగి చూశాను.

అమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఎందుకాపేవు?"

"చూద్దామని."

"చూశావుగా. ఇంక పద."

ఇప్పుడు అలాగే చేస్తున్నాను. చూడాలనిపిస్తే ఆపి చూస్తాను. అమలాపురం వెళ్ళి రావడానికి మాకు అందరికంటే ఎక్కువసేపు పడుతోంది.