రెండు సీట్ల కారు, అమ్మ మోకాలు

స్పోర్ట్స్ కారు కొంటానని నేను మొదట చెప్పింది మా ఆయనకి. గుంటూరులో మేమిద్దరం డాక్టర్లం. ఆపరేషన్ గదిలో మత్తు ఇవ్వడం నా పని, పళ్ళు చూడటం ఆయన పని. ఆ పొద్దున ఆయన ఇడ్లీ తింటూ నా మాట విన్నారు. నవ్వలేదు, వద్దనలేదు. ఎక్కడ నడుపుతావని మాత్రం అడిగారు. మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు వేసుకుని మిర్చి యార్డుకి వచ్చే లారీలు రోడ్లన్నీ నింపేసిన కాలమది. నేలకి జానెడు ఎత్తున పోయే కారుని ఆ లారీల చక్రాల పక్కన ఊహించుకుని ఉంటారు. ఎక్కడైనా నడుపుతానన్నాను.

"అయితే ఆటోమేటిక్ తీసుకో" అన్నారాయన, చట్నీ గిన్నె దగ్గరకి లాక్కుంటూ.

నేను ఇడ్లీ పక్కన పెట్టేశాను. నేను అన్నేళ్ళుగా కలగన్న కారులో రెండు సీట్లున్నాయి, మడిస్తే వెనక్కి పోయే పైకప్పు ఉంది, అన్నిటికన్నా ముందు నా ఎడమ చేతికి అందేలా ఒక గేరు రాడ్డు ఉంది. అది లేని కారుని నేను కలలో కూడా చూడలేదు.

దానికి కారణం అమ్మ. కనిగిరి వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో అమ్మ నర్సుగా చేసేది. ఆసుపత్రికి ఒక జీపు ఉండేది. డ్రైవరు మానేసి వెళ్ళిపోతే, కొత్తవాడు దొరికేదాకా నేను నడుపుతానని అమ్మ నేర్చుకుంది. ఆ తర్వాత ఎవరినీ వెతకనివ్వలేదు. వెనక టీకాల పెట్టె, ముందు తెల్ల చీరలో అమ్మ. ఆ జీపు పోతుంటే పత్తి ఏరే ఆడవాళ్ళు నడుము ఎత్తి నిలబడి చూసేవాళ్ళు. నాకు పద్దెనిమిది నిండగానే నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టి, గేరు రాడ్డు మీద నా చెయ్యి, నా చేతి మీద తన చెయ్యి వేసింది. మీటరు చూడనిచ్చేది కాదు. ఇంజను గొంతు వినమనేది. ఎప్పుడు మార్చాలో అదే అడుగుతుందనేది. వాన పడ్డ నల్లరేగడిలో రెండో గేరు వదలకుండా, ఆగకుండా ఎలా బయటపడాలో నాకు నేర్పాక గానీ తారు రోడ్డు ఎక్కనివ్వలేదు.

రిటైరయ్యాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. మా చిన్న కారుని నాకన్నా ఎక్కువ తనే తిప్పేది. ఎడమ మోకాలు మార్చే ఆపరేషన్ అయ్యాక మాత్రం క్లచ్ నొక్కితే నొప్పి అని మానేసింది. దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

షోరూం మంగళగిరి దగ్గర హైవే పక్కన ఉంది. ముగ్గురం వెళ్ళాం. అమ్మకి ఇంట్లో తోచడం లేదంటే వెంట తీసుకెళ్ళాం, అంతే. అక్కడ మాకు కారు చూపించిన అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. తన పని మీద తనకి ఎంత ఇష్టమో మాటల్లోనే తెలిసిపోయేది. ఇందులో ఇంజన్లు రెండు రకాలని చెప్పింది. చిన్న ఇంజనుకి మాన్యువల్ గేర్లు వస్తాయి. పెద్ద ఇంజను కావాలంటే ఆటోమేటిక్ ఒక్కటే. స్టీరింగు వెనక రెండు వైపులా చిన్న మీటలుంటాయి, కావాలంటే వేళ్ళతో మనమే గేరు మార్చుకోవచ్చు. ఇవి కాక స్పోర్ట్స్ ప్యాకేజీ వేరే. అందులో గట్టి స్ప్రింగులు, పెద్ద బ్రేకులు, వెడల్పు టైర్లు, గొంతు పెంచిన సైలెన్సరు. కావాలంటే వాటిలో కొన్నే ఎంచుకోవచ్చు.

ఆటోమేటిక్‌లో వేగం తగ్గుతుంది కదా అన్నాను, గెలిచేసినట్టు.

"లేదు మేడమ్, అది పాత మాట. మీరు క్లచ్ మీద కాలు పెట్టేలోపు ఇది గేరు మార్చేసి ఉంటుంది" అంది ఆ అమ్మాయి.

మా ఆయన ఆ మాట తనకే చెప్పినట్టు తలాడించారు.

ముందు మాన్యువల్ కారు తీశాను. రెండే సీట్లు కాబట్టి పక్కన ఆ అమ్మాయి కూర్చుంది. రాడ్డు పొట్టిగా, చల్లగా ఉంది. మణికట్టు కొంచెం కదిపితే చాలు, గేరు చటుక్కున వెళ్ళి తన చోట కూర్చునేది. రెండు నుంచి మూడుకి మార్చినప్పుడు నాకు గట్టిగా అరవాలనిపించింది. అంతలో మా ముందుకి ఒక టిక్కీల లారీ వచ్చింది. పైకప్పు తీసి ఉంది. మిరప ఘాటు నేరుగా మా మీద పడింది. నేను తుమ్మాను, ఆ అమ్మాయి తుమ్మింది, కళ్ళ నీళ్ళతో దారి కనబడక బండిని పక్కకి తీశాం. ఇద్దరం దగ్గుతూ, నవ్వుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయాం. తిరిగొచ్చేసరికి నా ముక్కు ఎర్రగా ఉందట. ఇదే తీసుకుంటానని చెప్పడానికి నేను నోరు తెరిచాను.

అప్పటిదాకా సోఫాలో కూర్చున్న అమ్మ లేచి వచ్చింది. ఆటోమేటిక్ కారు చుట్టూ ఒకసారి నడిచి, డ్రైవరు వైపు తలుపు దగ్గర నిలబడింది.

"అమ్మాయ్, దీనికి ఎడమ కాలుతో పనే లేదా?"

"అస్సలు లేదండి."

"అయితే నేనొకసారి నడుపుతాను" అంది అమ్మ, హ్యాండుబ్యాగులోంచి లైసెన్సు తీసి చూపిస్తూ. గడువు తీరకుండా రెన్యూ చేయించుకుంటూనే ఉందని మాకు అప్పుడే తెలిసింది.

ఆ అమ్మాయి నా వైపు చూసింది, లోపలికెళ్ళి మేనేజరుని అడిగి వచ్చింది. అమ్మ చెప్పులు విప్పి నా చేతికిచ్చింది. కొంగు బిగించి నడుముకి దోపుకుంది. ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. మేమిద్దరం మా చిన్న కారులో వెనకే బయలుదేరాం.

హైవే దిగి, రాజధాని వైపు వేసిన వెడల్పాటి ఖాళీ రోడ్డు ఎక్కేదాకా అమ్మ ఎద్దుబండిలా పోయింది. మా ఆయన నిట్టూర్చి, అత్తయ్య గారికి అలవాటు తప్పినట్టుందన్నారు. ఆయన మాట పూర్తికాలేదు. ముందు కారు ఒక్కసారి గొంతు పెంచింది, ఇంకోసారి పెంచింది, చిన్నదైపోయింది. పైకప్పు తీసిన కారులోంచి ఆ అమ్మాయి చున్నీ గాల్లో లేచి నిలబడటం చూశాను. తర్వాత అదీ కనబడలేదు. నేను ఎంత తొక్కినా మా బండి మూలుగుతోంది తప్ప వేగం అందుకోవడం లేదు. మా ఆయన వంగి ముందు అద్దంలోంచి చూస్తూ, అత్తయ్య గారు మనల్ని వదిలేసి వెళ్ళిపోయారన్నారు. ఆయన గొంతులో భయం కన్నా గర్వమే ఎక్కువ వినబడింది నాకు.

మేము చేరేసరికి కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. అమ్మ స్టీరింగు మీద నుదురు ఆనించి నవ్వుతోంది. జడ ఊడి జుట్టంతా మొహం మీద ఉంది. ఆ అమ్మాయి కూడా నవ్వుతూనే, నేను చెప్పిన స్పీడు ఆంటీ గారు దాటలేదండీ, కాకపోతే అక్కడికి చాలా త్వరగా వెళ్ళారండీ అని చెప్పింది.

అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "ఆటోమేటిక్ అన్నారు గానీ, ఈ వేళ్ళతో నేనే మార్చానే. ఇది కూడా అడుగుతుంది. విను, తెలుస్తుంది."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆటోమేటిక్ తీసుకుందామన్నాను. అమ్మకి కోపం వచ్చింది. నా మోకాలి కోసం నీ ముచ్చట మానుకోవద్దంది. రోజూ నడిపేది నువ్వు, నేను ఎప్పుడో ఒకసారి, ఆ మాత్రం దానికి నీ రాడ్డు వదులుకుంటావా అని కంచం పక్కకి జరిపింది.

"నీ మోకాలి కోసం కాదమ్మా. ఇవాళ నువ్వు నన్ను వెనక వదిలేసి దూసుకెళ్ళావు చూడు, అంత సంతోషం నాకు మాన్యువల్‌లో రాలేదు. మళ్ళీ చూడాలనుంది" అన్నాను.

నేను చెప్పింది నిజం. రాడ్డు మీద నాకు ఇష్టం పోలేదు, ఇప్పటికీ ఉంది. కానీ ఆ రోడ్డు మీద నేను చూసిన దానికి అది సాటిరాలేదు. అమ్మ కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుని పెరుగన్నం కలుపుకుంది. తర్వాత తల ఎత్తి, అయితే పెద్ద బ్రేకులు పెట్టించమంది.

అక్కణ్ణుంచి రెండు వారాలు మా ఇంట్లో వేరే మాట లేదు. గట్టి స్ప్రింగులు అమ్మ వద్దంది, కనిగిరి దాకా వెళ్ళొస్తే నడుము విరుగుతుందని. వెడల్పు టైర్లు కావాలంది. వానలో అవి ఇంకా జారతాయని షోరూం అమ్మాయి విడమరిచి చెప్పాక ఒప్పుకుని మామూలువే చాలంది. సైలెన్సరు గొంతు దగ్గర మాత్రం మా ఆయన పట్టుబట్టారు. కారులో తనకి సీటు ఎలాగూ లేదు, వీధి చివర వస్తున్నప్పుడు ఇంట్లోంచి వినడానికైనా కావాలన్నారు. అది ఆయన కోరిక కాబట్టి పెట్టించాం. రంగు ముదురు ఆకుపచ్చ. ఎరుపు తీసుకోలేదేమని ఊళ్ళో అందరూ అడిగారు.

కారు వచ్చాక మొదటి ఆదివారం చర్చికి అమ్మ నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. మా ఆయన స్కూటరు మీద వచ్చారు. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్ళంతా కారు చుట్టూ చేరారు. పాటల బృందంలో ముందు పాడే ఆవిడ, ఒకసారి ఎక్కించుకోమని అమ్మని అడిగింది. ఫ్లైఓవరు దాకా వెళ్ళి వచ్చారు. ఆవిడ దిగడం చూసి ఇంకొకావిడ ఎక్కింది. చూస్తుండగానే మెట్ల దగ్గర వరస ఏర్పడింది. అమ్మ ప్రతిసారీ కొంగు సవరించుకుని, ఎక్కినవాళ్ళ బెల్టు తనే పెట్టి, జాగ్రత్తగా గేటు దాటేది. మలుపు తిరిగాక ఇంజను గొంతు పెరిగేది, వెంటనే లోపలున్నావిడ కేక వినబడేది.

ఎండ ముదిరింది. మా ఆయన చెరుకు రసం తెచ్చిచ్చారు. ఆయనా నేనూ గోడ నీడలో స్కూటరు మీద కూర్చుని తాగుతున్నాం. ఇంటికెళ్ళి వంట చూడాలి, నా కారు నాకిస్తావా అని లేచి వెళ్ళి కారు కిటికీ దగ్గర అమ్మని అడిగాను. పాస్టరమ్మ గారు ఇంకా ఎక్కలేదు, నువ్వు స్కూటరు మీద పోవే అని అమ్మ అద్దం పైకెత్తేసింది.