ఎల్డన్ కాదు, ఎల్లయ్య

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదట్నుంచీ నవ్వే. గుమ్మానికి నిమ్మకాయలు కట్టేవాళ్లను చూస్తే, పులిహోరకైనా పనికొచ్చేవి కదా అనుకునే రకాన్ని. సూర్యాపేటలో సైన్స్ టీచర్‌ని. ఇది చదివి మా స్టాఫ్ రూమ్‌లో నన్ను ఆటపట్టిస్తారనీ తెలుసు. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అమ్మాయి హాసినికి తొమ్మిదేళ్లు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన ఒక పిల్లల సాహస కథల సిరీస్ అంటే దానికి ప్రాణం. మాయదీవి, కనిపించకుండా పోయిన తాళంచెవి, దాన్ని వెతుక్కుంటూ వెళ్లే ఎల్డన్. బడి నుంచి రాగానే వాళ్ల నాయనమ్మకు, అంటే మా అత్తమ్మకు, పైకి చదివి వినిపించేది. అత్తమ్మకు చదువు రాదు. ఎల్డన్ అనడానికి నోరూ తిరగదు. "మన ఎల్లయ్య ఇయ్యాల ఏడిదాంక పోయిండే?" అని అడిగేది. మేమంతా పడీ పడీ నవ్వేవాళ్లం.

రెండో భాగం అయిపోయిన వారానికే అత్తమ్మ గుండెపోటుతో పోయింది. హాసిని పుస్తకం ముట్టడం మానేసింది. బడిలో కూడా నోరు విప్పడం లేదని వాళ్ల టీచర్ పిలిపించి చెప్పింది. అన్నం సగం వదిలేసేది. నాకు భయం పట్టుకుంది.

మూడో భాగం వచ్చిందని తెలిసి కోదాడలో కొన్నాను. ప్లాస్టిక్ కవరు కూడా విప్పని కొత్త పుస్తకం. ఆదివారం మధ్యాహ్నం హాసిని పక్కన పెట్టి, నేను బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. చాలాసేపటికి కవరు చించిన చప్పుడు వినిపించింది. ఇంకాసేపటికి పైకి చదివింది.

"ఎల్లయ్యా, జర పైలం బిడ్డా. మెట్లు జారుతయ్."

నాయనమ్మ గుర్తొచ్చి కల్పించి చదువుతోందనుకున్నాను. కళ్లనీళ్లు ఆగలేదు. దగ్గరికెళ్లి చూశాను. నలభై మూడో పేజీ. అచ్చం అలాగే అచ్చయి ఉంది. పుస్తకమంతా ఎల్డన్, ఆ ఒక్కచోటే ఎల్లయ్య. అవే అక్షరాలు, అదే సిరా. గోటితో గీకి కూడా చూశాను.

మిర్యాలగూడలో మా చెల్లెలి దగ్గర అదే పుస్తకం ఉంది. ఫొటో పంపమన్నాను. "ఎల్డన్, జాగ్రత్త. మెట్లు జారుతాయి" అని ఉంది. అదే ముద్రణ, అదే పేజీ. అనువాదం చేసినావిడకు మెయిల్ పెడితే, తాను అలా రాయనే లేదని, మా పుస్తకం పంపితే చూస్తానని జవాబిచ్చింది.

పంపుదామా అని హాసినిని అడిగాను. పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది.

"ఇయ్యనమ్మా. గది నాయినమ్మ ముచ్చట. నువ్వెందుకు గింత పరేషాన్ అయితున్నవ్?"

ఇప్పుడు రోజూ పైకి చదువుతోంది, కడుపునిండా తింటోంది. తల్లిగా నాకు అంతకంటే ఏం కావాలి? కానీ ప్రెస్సులో పొరపాటే అనుకుందామన్నా, మా అత్తమ్మ పిలుపు ప్రెస్సుకెలా తెలుసు? ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు.

హాసిని ఇంట్లో లేనప్పుడు ఆ పేజీ తీసి, ఆ మాట నేనూ ఒకసారి పైకి చదువుదామని చూస్తాను. ఇంతవరకూ ప్రతిసారీ చదవకుండానే పుస్తకం మూసేశాను.