ఆయన బల్ల మీద పెట్టని కాగితం

జమ్మలమడుగులో మా హెడ్ గుమాస్తాగా చేసినాయన పోయిన వారం ప్రొద్దుటూరులో కన్నుమూశారు. పులివెందుల ఆఫీసులో ఆ కబురు చెబుతూ మా బంట్రోతు కళ్లు తుడుచుకున్నాడు. ఆయన దగ్గర చేసింది రెండేళ్లేనట. రేపు నేను పోతే వీడు ఇలా ఏడుస్తాడా? నాకు వచ్చిన మొదటి ఆలోచన అదే. మీతో చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో కర్నూలు నుంచి రోజుకో తాకీదు వచ్చేది. జవాబు ఆలస్యమైతే సంజాయిషీ. గుమాస్తాలకు అన్నం సయించేది కాదు. అప్పుడు ఆయన ఒక పద్ధతి పెట్టారు. పొద్దున రాగానే ఎవరికి ఏ కాగితమంటే ఎక్కువ భయమో అది ఆయన బల్ల మీద పెట్టాలి.

“ఏది చూస్తే నీకు కడుపులో తిప్పుతాదో అది ముందు తేప్పా. తక్కినయి మద్యాన్నం చూస్కుందాం,” అనేవారు.

ఆయన రాసిపెట్టేవారు కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, తమలపాకుకు సున్నం రాసుకుంటూ, ఆ మనిషి చేతనే రాయించేవారు. కాసేపటికి ఆ మూల నుంచి నవ్వులు వినిపించేవి.

ఆయన తర్వాతి స్థానం నాది. నేను ఒక్క రోజూ కాగితం తీసుకెళ్లలేదు. ఆయన చుట్టూ చేరినవాళ్లను చూస్తే ఒళ్లు మండేది. నా దగ్గరికి అగ్గిపెట్టె అడగడానికైనా ఎవరూ వచ్చేవారు కాదు. చివరికి ఎడమచేత్తో ఆకాశరామన్న అర్జీ రాసి పైకి పంపాను, హెడ్ గుమాస్తా పొద్దంతా కబుర్లతో గడుపుతున్నాడని.

నెల తిరక్కుండా దాని మీద సంజాయిషీ కోరుతూ ఆయనకే తాకీదు వచ్చింది. మర్నాడు ఆయన కుర్చీ లాక్కుని నా బల్ల దగ్గర కూర్చున్నారు.

“ఈపొద్దు నాకు కడుపులో తిప్పుతాందప్పా. దీనికి జవాబు నువ్వు రాయి. నేను పక్కన ఉంటా.”

ఆయన చేసే మేలంతా రెండు పేజీలు రాశాను. పైవాళ్లు ఊరుకున్నారు. “శానా బాగా రాసినావప్పా,” అన్నారాయన. అర్జీ నాదేనని చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

పులివెందులకు హెడ్ గుమాస్తాగా వచ్చాక నేనూ ఆ పద్ధతే పెట్టి చూశాను. తప్పు పట్టడానికే అడుగుతున్నానని అందరూ తేలికైన కాగితాలే తెచ్చారు.

కబురు విన్న రోజే ప్రొద్దుటూరు వెళ్లాను. వీధి నిండా మా పాత గుమాస్తాలే. ఆయనకు తానంటేనే ప్రాణమని ప్రతివాడూ అంటున్నాడు. అక్కడా నాకు మండింది. ఆయన భార్య నన్ను చూసి పిలిచారు.

“ఆ జవాబు రాసింది నువ్వే కదా నాయనా? అర్జీ రాసినోడెవరో ఆయనకు తెలుసంట. నేనెంత అడిగినా పేరు చెప్పలా. ‘ఏదో ఒక పొద్దు వాడే వచ్చి చెప్తాడు, అంతదాకా వానికి నిద్దర పట్టదు పాపం’ అంటాండిరి.”

నేను నోరు తెరిచేలోపే పాడె లేపారు. భుజం పట్టడానికి అందరూ తోసుకుంటున్నారు. ఒకడు నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. పాడె పెన్న వైపు మలుపు తిరిగేదాకా నాకోసం వదిలిన ఆ చోటు ఖాళీగానే ఉంది.