తెగిన వెంట్రుక

క్యాన్సర్ ఆపరేషనయ్యాక మా ఆవిడకి కుడి చెయ్యి పైకి లేవడం లేదు. రేపు రేడియేషన్‌కి, అదే కరెంటు వైద్యానికి, మళ్లీ మద్రాసు వెళ్లాలి. అందుకని ఇవాళ సాయంత్రం మగ్గం గుంటలోంచి లేచి, మొదటిసారి ఆవిడకి జడ వేశాను. పెడనలో నేతగాడినన్న పేరేగానీ, మూడు పాయలు నా మాట వినలేదు. ఇంతలో ఒక వెంట్రుక తెగింది. నా వేళ్లు అలవాటుకొద్దీ దాని కొసలు రెండూ కలిపి ముడి వెయ్యబోయాయి.

"ఏం చేస్తున్నారండీ?"

"తెగింది, అతుకుతున్నా."

"అది పడుగు పోగు కాదండీ, నా జుట్టు!" కుట్లు వేసినచోట లాగకుండా ఎడంచేత్తో అదిమిపెట్టుకుని మరీ నవ్వింది.

జడ వంకరగానే వచ్చింది. ఇది చదివే ఆడవాళ్లెవరైనా కిటుకు చెప్పి పుణ్యం కట్టుకోండి. మద్రాసులో నలుగురూ చూస్తారు, విప్పి మళ్లీ వేస్తానన్నాను.

"చూడనివ్వండి" అంది.