అమ్మ కొత్త మోకాలు, నొప్పి మందులతో మా పాట్లు

నా డిగ్రీ రిజల్ట్ వచ్చిన రోజే అమ్మ మోకాలు మొరాయించింది. రెండూ ఒకే చోట జరిగాయి కాబట్టి ఒకటి చెప్పి రెండోది దాచలేను.

కాశీబుగ్గలో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి నా నంబరు చూసుకున్నాను. బి.యస్సీ., ఫస్ట్ క్లాసు! అమ్మ వైపు, నాన్న వైపు అందరినీ కలిపినా డిగ్రీ గుమ్మం తొక్కింది నేనొక్కదాన్నే. అక్కణ్ణించి ఒక్క పరుగున అమ్మ పనిచేసే జీడిపప్పు షెడ్డుకి వెళ్ళాను. అమ్మ, తోటి ఆడవాళ్ళు నేలమీద గోనెలు పరుచుకుని కూర్చుని పప్పుకి పొట్టు తీస్తున్నారు.

"అమ్మా, పాసైపోనాను! ఫస్టు క్లాసు!"

"ఓలమ్మ! తవిటమ్మ కూతురు డిగ్రీ పాసైపోనాదర్రా!" అని ఒకావిడ కేక పెట్టింది. ఇంకొకావిడ, "మరి మాకు పార్టీ ఏదే?" అంది.

అమ్మ నన్ను పట్టుకోవాలని లేవబోయింది. సగం లేచి ఆగిపోయింది. మళ్ళీ దబ్బున కూలబడింది. మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళల్లో మాత్రం నీళ్ళు.

"సంతోసానికి కాల్లాడ్డం నేదే," అంది.

సంతోషం కాదని నాకు తెలుసు. ఇద్దరు ఆడవాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపితేగాని అమ్మ నిలబడలేకపోయింది.

కుడి మోకాలి నొప్పి అమ్మకి కొత్త కాదు. ఏళ్ళ తరబడి కిళ్ళీకొట్టులో దొరికే నొప్పి బిళ్ళ వేసుకుని పనికి పోయేది. మా పెద్దమ్మ పోయాక అది మానేసింది. పెద్దమ్మని వజ్రపుకొత్తూరు వైపు ఇచ్చారు. ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలిసిస్‌కి విశాఖ తీసుకెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చున్నది మా అమ్మే. మా ఉద్దానంలో ఈ జబ్బు తొంగిచూడని వీధి లేదు. ఎందుకు వస్తోందో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు. కానీ నొప్పి బిళ్ళలు మింగితే కిడ్నీలకి ఇంకా చేటని మాత్రం డాక్టర్లందరూ చెప్తారు. అప్పట్నించి అమ్మ ఏ బిళ్ళా ముట్టలేదు. ఇసక వేయించి మూటకట్టి కాపడం పెట్టుకునేది, గుడ్డ బిగించి కట్టుకునేది.

టెక్కలిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి దీపానికి అడ్డంగా పట్టుకుని చూశారు. "గుజ్జు మొత్తం అరిగిపోయింది. ఎముక మీద ఎముక రాస్తోంది. రీప్లేస్‌మెంట్ తప్ప దారి లేదు" అన్నారు. విశాఖలో ఒక ఆసుపత్రికి రాశారు. ఆపరేషన్ డబ్బు ఎలా సమకూరిందో వేరే కథ, ఇక్కడ రాయను.

విశాఖలో రక్త పరీక్షలన్నీ చేశారు. సర్జన్ గారు రిపోర్టు చూసి ఒక్కచోట ఆగారు. "కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది. ఆపరేషన్ చెయ్యొచ్చు. కానీ మామూలుగా ఇచ్చే పెయిన్ కిల్లర్స్ ఈవిడకి ఇవ్వం. పారాసిటమాల్, అవసరమైతే ట్రమడాల్. అంతకుమించి ఏదీ వాడకూడదు."

నాన్న బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచాడు. "ఆల్ల అప్పకి కూడా ముందు కొంచెమే ఉందన్నారే," అన్నాడు, పెద్దమ్మని తలుచుకుని. నాన్న అంత నెమ్మదిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు. నర్సు టాబ్లెట్ నోట్లో వేసి, మింగేదాకా అక్కడే నిలబడేది. అమ్మ మోకాలు బాగానే వంచింది. ఇంటికి పంపేటప్పుడు సర్జన్ గారు అమ్మ మంచం అంచున కూర్చుని చెప్పారు:

"మోకాలు మేం మార్చాం. వంచుకోవడం మీ పని. మొదటి నెలా నెలన్నరలో వంగకపోతే లోపల బిగిసిపోతుంది. అప్పుడు మళ్ళీ మత్తిచ్చి మేం వంచాలి. మీ కిడ్నీలతో అంతదాకా తెచ్చుకోకండి."

అదీ మా పరిస్థితి. నొప్పి తగ్గకపోతే మోకాలు వంగదు. నొప్పి తగ్గించే మందు సరిగ్గా చూసుకోకపోతే కిడ్నీ ఉండదు. రెండూ దక్కించుకోవాలి.

నాకైతే హుషారొచ్చింది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, మందులు నా చేతిలో ఉన్నాయి, ఇంకేం కావాలి! టైముకి టాబ్లెట్, టైముకి ఎక్సర్‌సైజు. పలాస నుంచి ఒక ఫిజియోథెరపీ ఆయన రెండుసార్లు వచ్చి నాకు నేర్పి వెళ్ళాడు. అమ్మ నా ఎదురుగానే మాత్ర నోట్లో వేసుకుని చెంబెడు నీళ్ళు తాగేది. అయినా మోకాలు కర్రలా ఉండేది. కొంచెం వంచితే చాలు, వీధి చివరకి వినబడేలా అరిచేది.

"ఒగ్గీయే! సచ్చిపోతానే!"

"ఒగ్గను. ఇంకొక్కసారి."

"డిగ్రీ సదివింది నన్ను సంపడానికేటే?"

"అవును, అందులోనే ఫస్టు క్లాసు వచ్చింది."

ఏడుస్తూనే నవ్వేది. నాన్న మాత్రం ఆ అరుపులు వినలేక కొబ్బరితోటలోకి వెళ్ళిపోయేవాడు.

ఇంతలో నాకు కాశీబుగ్గలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు పని దొరికింది. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం వచ్చేదాన్ని. నేను చేరిన కొద్ది రోజులకే అమ్మ మోకాలు వంగడం మొదలుపెట్టింది! అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. నా ఆనందం పట్టలేక ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి సర్జన్ గారికి ఫోన్ చేశాను. "వెరీ గుడ్, అలాగే చేయించండి" అన్నారు.

ఆ వారం చివర్లో అమ్మ రెండు పాదాలూ ఉబ్బాయి. అన్నం చూస్తే వికారం అంది. ఒంటేలు సరిగ్గా రావడం లేదని చెప్పడానికి సిగ్గుపడి, నేను రెట్టించి అడిగితే చెప్పింది. మర్నాడే విశాఖ బయల్దేరాం.

క్రియాటినిన్ బాగా పెరిగిపోయింది. సర్జన్ గారు రిపోర్టు బల్లమీద పెట్టి నన్నే చూశారు. "పెయిన్ కిల్లర్ ఏదో వాడారు. ఏది?"

"లేదు సార్. మీరు రాసినవే. నా చేత్తో ఇచ్చాను."

ఆయన అమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా, బయట బిళ్ళలేమైనా వేసుకున్నారా?"

"బిల్లలా!" అమ్మకి రోషం వచ్చింది. "నువ్వు రాసిన బిల్లలే మింగనేదు బాబూ, ఇంక బయట బిల్లలేటి?"

అమ్మ గర్వంగా చెప్పుకుపోతోంది. నేనిచ్చిన మాత్ర బుగ్గన పెట్టుకుని, నీళ్ళు తాగినట్టు తాగి, నేను అటు తిరగ్గానే పెరట్లో కొబ్బరి మొదట్లో ఉమ్మేసేదట. "మా అప్పని ఆ బిల్లలే తినీసినాయి. నానేటి అంత తెలివి తక్కువదాన్నా?"

"మరి నొప్పి ఎలా తగ్గింది?" అన్నారు సర్జన్ గారు.

"సూది ఏయించుకున్నాను. మాకాడికి బండి మీద ఒచ్చే ఆరెంపీ బాబు ఉన్నాడు. రోజూ పొద్దున్న ఒకటి ఏసీవోడు. బిల్లయితే కడుపులోకి ఎల్లి, అక్కణ్ణించి కిడ్నీకి ఎల్తాది. సూది కండలోకే గదా ఎల్తాది. దానికీ కిడ్నీకీ ఏటి సమ్మందం?"

నాన్న వైపు చూశాను. నాన్న పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తున్నాడు.

ఆ సూది డైక్లోఫెనాక్ అని తర్వాత కనుక్కున్నాం. ఏ రకం మందు అమ్మకి ఇవ్వకూడదన్నారో సరిగ్గా ఆ రకమే. నేను బడికెళ్ళాక, రోజుకొకటి చొప్పున పడింది. డాక్టరు గారు కోప్పడలేదు. "ఎక్కడ వేసినా రక్తంలోకే వస్తుందమ్మా. రక్తమంతా కిడ్నీలోంచి వెళ్ళాల్సిందే" అన్నారు. అమ్మ తలూపింది. ఆ తలూపుడు నాకు తెలుసు, ఓట్లడగడానికి వచ్చినవాళ్ళకి కూడా అలాగే ఊపుతుంది.

ముగ్గురం బయట బెంచీ మీద కూర్చున్నాక నాన్న తనే నోరు విప్పాడు. "అరుత్తంటే సూడనేకపోనానే. నానే ఆ బాబుని పిలిసినాను."

నాన్నని ఏమనగలను? అమ్మనే అడిగాను. "అమ్మా, పెద్దమ్మకి డయాలిసిస్ అప్పుడు గొట్టాలు ఎక్కడ పెట్టేవారు?"

"సేతికి."

"పాడైంది కిడ్నీ కదా, చేతికెందుకు?"

"రగతం కడగడానికి గదే. సేతిలోంచి తీసి మిసన్లో కడిగి..." అమ్మ ఆగిపోయింది. తన చెయ్యి తనే చూసుకుంది. "సేతిలో రగతమే కిడ్నీలోకీ ఎల్తాదన్నమాట." మెల్లగా ఆ చెయ్యి తుంటి మీదకి, సూది పొడిపించుకున్న చోటికి పోయింది. "అప్పకాడ అన్ని దినాలు కూకున్నాను. కల్లతో సూసీసి కూడా నాకు ఎరిక నేకపోనాదే."

అమ్మని ఆసుపత్రిలో ఉంచారు. సెలైన్ పెట్టారు, తాగిన నీళ్ళూ వచ్చిన ఒంటేలూ కొలిచారు. "ఆపేశాం కాబట్టి తగ్గే అవకాశం ఉంది. చూద్దాం" అన్నారు. ఆ 'చూద్దాం' అనే మాటతో ఎన్ని పూటలు గడిపామో మాకే తెలుసు. మొదటి రిపోర్టులో అలాగే ఉంది. తర్వాతి దానిలో కాస్త దిగింది. ఆ తర్వాత ఇంకొంచెం. నాన్న ఆసుపత్రి మెట్లమీద కూర్చుని టవలుతో మొహం కప్పుకున్నాడు.

కానీ ఇంటికొచ్చేసరికి మోకాలు మళ్ళీ బిగిసింది. సూది లేదు కదా. ఈసారి అమ్మే ముందుకొచ్చింది. "ఇలగ రాయే, మొదలెట్టు" అంది.

డాక్టరు గారు చెప్పిన పద్ధతి ఇది: నొప్పి పెరిగేదాకా ఆగి మాత్ర వేసుకోకూడదు, నొప్పున్నా లేకపోయినా పారాసిటమాల్ చెప్పిన టైముకి, చెప్పిన లెక్కకే వేసుకోవాలి. ఎక్సర్‌సైజుకి కాసేపు ముందు ట్రమడాల్. అమ్మకి గడియారం చూడడం రాదు. మధ్యాహ్నం మాత్ర టీవీలో సీరియల్ పాట రాగానే, రాత్రిది వార్తలు అవ్వగానే. మింగాక నోరు బారుగా తెరిచి చూపించేది. "ఇదిగో, నాలిక కిందా సూసుకో. పోలీసులకన్నా ఎక్కువైపోనావు."

ట్రమడాల్ మొదట పడలేదు. తల తిరిగింది, వాంతులయ్యాయి. మేము మా అంతట మేము మానలేదు. ఫోన్ చేసి అడిగితే డోసు సగం చేసి, అన్నం తిన్నాక వేసుకోమన్నారు, వాంతికి ఒక మాత్ర రాశారు. మలబద్ధకం వస్తే దానికీ అడిగాం.

ఇంక ఐసు. మా ఊళ్ళో ఫ్రిజ్జు ఎవరికుంది? నాన్న సైకిలేసుకుని తీరానికి పోయి, చేపల బేరగాళ్ళ దగ్గర ఐసుగడ్డ ఊకలో కప్పి గోనెలో చుట్టి తెచ్చేవాడు. దాన్ని కొట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, గుడ్డ చుట్టి మోకాలి మీద పెట్టేదాన్ని. ఇల్లంతా చేపల వాసన.

"నా మోకాల్ని ఏటనుకున్నావయ్యా, వంజరం ముక్కనుకున్నావా?" అనేది అమ్మ నాన్నని.

"వంజరమైతే ఈపాటికి అమ్మీసేవోడిని," అనేవాడు నాన్న.

ఒకరోజు బండి మీద ఆ సూది ఆయన వచ్చాడు. అమ్మ గుమ్మంలోంచే దణ్ణం పెట్టింది. "బాబూ, ఇంక నాకు నీ సూదొద్దు. నా కిడ్నీకి పడదంట."

"ముందే సెప్తే నానేల ఏత్తానమ్మా? నొప్పన్నావు, ఏసీనాను."

"నువ్వడగనేదు, నాను సెప్పనేదు. ఇకమీద అందరినీ అడుగు మరి."

మంచం అంచున కూర్చుని, బాగున్న కాలితో ఆపరేషన్ కాలిని వెనక్కి నెట్టుకునేది. పళ్ళు కొరుక్కునేది, నన్ను తిట్టేది, మళ్ళీ నెట్టేది. నొప్పి పూర్తిగా పోలేదు. పోతుందని డాక్టరు గారు కూడా చెప్పలేదు. "భరించగలిగినంత చాలు, ఎక్సర్‌సైజు చేయనిచ్చేంత చాలు" అన్నారు. ఆ మాట పట్టుకునే గడిపాం. తర్వాత రివ్యూలో ఆయన మోకాలు వంచి చూసి, "మత్తివ్వక్కర్లేదు. మీరే గెలిచారు" అన్నారు. క్రియాటినిన్ ఆపరేషన్‌కి ముందు ఎంతుందో అక్కడికొచ్చి ఆగింది. నేను ఆసుపత్రి వరండాలో గెంతాను, నర్సులు నవ్వారు.

ఇప్పుడు అమ్మ మళ్ళీ షెడ్డుకి వెళ్తోంది. నేలమీద కూర్చోకూడదు కాబట్టి పొట్టు తీసే పని మానేసి, ఎత్తు బల్ల దగ్గర కూర్చుని పప్పులో గుండు, బద్ద, ముక్క రకాలు వేరుచేస్తుంది. పెళ్ళి భోజనాల్లో కుర్చీ అడిగితే, "తవిటమ్మ దొరసానైపోనాది" అని ఎకసెక్కాలాడతారు. "మోకాలు విశాపట్నంలో సేయించుకున్నాను మరి," అంటుంది. కొత్త కబురు ఇంకోటి: నాకు బి.ఎడ్. సీటు వచ్చింది! చేర్పించడానికి అమ్మే వచ్చింది. ఆఫీసు మేడమీద ఉంటే కమ్మీ పట్టుకుని తనే ఎక్కింది. మూడు నెలలకోసారి రక్త పరీక్ష మాత్రం తప్పనివ్వదు.

ఈ మొండి అమ్మ వల్ల నాకు తెలిసిన ఒక్క సంగతి మీకూ చెప్తాను. కీలు మార్పించుకున్నా, పన్ను నొప్పి వచ్చినా, ఎవరు నొప్పికి మందిచ్చినా, అది బిళ్ళయినా, సూదైనా, పొడైనా, వేసుకోకముందే రెండు మాటలనండి: నా కిడ్నీ పరీక్ష ఇలా ఉంది, ఇది ఏ మందు? పోయిన నెల టెక్కలిలో పళ్ళ డాక్టరు అమ్మని నోరు తెరవమన్నారు. అమ్మ తెరవలేదు.

"ఉండు బాబూ, ముందు నా మాట విను. నాకు క్రియాటినిన్ ఉంది. అది సూసుకుని మందు రాయి. సూది కూడా మందే, అదీ సెప్పి ఎయ్యి."

ఆ తర్వాతే నోరు తెరిచింది.