దోవ అడిగిన ఎర్రరాజు

ఇది రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. పోయినవాడు మా బావ. ఆయన గురించి చెప్పాలంటే కంప్యూటరు ఆట గురించి చెప్పాలి. మనవలున్న ఇద్దరు మనుషులు పట్టపగలు ఆట ఆడుతూ కూర్చున్నారంటే చదివేవాళ్లు ఏమనుకుంటారోనని జంకు. రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీశాను, పెట్టాను. మూత వదులైంది గానీ జంకు పోలేదు. సరే, రాసి చూద్దాం.

పోయిన నెల ఒక పొద్దున మా అక్క ఫోన్ చేసింది. "నిద్దరలోనే పోయినాడురా మీ బావ" అంది. బస్సు ఎన్నింటికని అడిగాను. వాళ్ల ఊరి బస్సు ఉరవకొండలో ఎన్నింటికి కదులుతుందో ముప్పై ఏళ్లుగా నాకు తెలుసు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

ఉరవకొండలో నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పదో తరగతి తప్పి, ఒకరి మిషన్ మీద దొంగతనంగా టైపు నేర్చుకుని, చివరికి పదిమందికి నేర్పాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోతుంటే, విధిలేక ఒక కంప్యూటరు తెచ్చాను. టైపు మిషన్‌లో వరుస అయిపోతుంటే గంట మోగి మనిషిని హెచ్చరిస్తుంది. కంప్యూటరు చెప్పాపెట్టకుండా కిందికి దిగిపోతుంది. నాకు ఇప్పటికీ ఆ గంట లేని లోటు ఉంది. అది వేరే కథ.

అమ్మినవాడు దాంట్లో ఒక ఆట వేసి ఇచ్చాడు. మనకొక రాజ్యం, చుట్టూ నాలుగు రాజ్యాలు. ఆ నలుగురు రాజులనూ కంప్యూటరే ఆడిస్తుంది. మనం ఒక ఎత్తు వేస్తే వాళ్లు తలా ఒకటి వేస్తారు. తూర్పు దిక్కున ఎర్రరాజు ఒకడు ఉండేవాడు. ఊరకే ఉండలేడు. రెండెత్తులకొకసారి కప్పం కట్టమని, లేకపోతే దండెత్తుతానని తాఖీదు పంపేవాడు. నేను రోషపడి యుద్ధానికి పోయి, వారంలో మూడుసార్లు రాజ్యం పోగొట్టుకున్నాను.

బావ ఒక మధ్యాహ్నం అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చి నా వెనక నిలబడి చూశాడు.

"వాడేమంటాండాడు?"

"కప్పం కట్టమంటాండాడు బావా."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలా. దండు పంపినా."

"అడిగినోనికి జవాబు చెప్పకుండా కొట్టేకి పోతావేమప్పా? లేదని చెప్పు, కానీ బిన్నా చెప్పు, ఆలీసం చేయొద్దు. జవాబు రాకుంటేనే మనిషికి కోపం ముదురుతాది. జరుగు అట్ల."

నేను జరిగాను. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు వారానికి రెండుసార్లు మధ్యాహ్నం బస్సుకు వచ్చేవాడు. తువ్వాలు మడిచి కుర్చీ మీద వేసుకుని, చెప్పులు బయట విడిచి, తెర ముందు పంచాయతీకి కూర్చున్నట్టు కూర్చునేవాడు. మా మండలంలో సగం తగాదాలు తీర్చినవాడు ఆయనే. మాట మెత్తన, పట్టు గట్టి.

ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకున్నది అర్జీల ఇంగ్లీషు. ఎర్రరాజు తాఖీదును నేను తెలుగులో చెబితే, ఆయన కళ్లు మూసుకుని జవాబు చెప్పేవాడు. "ఎర్రరాజు గారికి నమస్కారం. మీరు బాగుండారా? ఈసారి ఈడ వాన ల్యాక మా రైతులు ఇబ్బందిలో ఉండారు. మీరడిగినంత ఇయ్యలేము గానీ, పది గుర్రాలు తోలిస్తాండాం, కాదనకుండా తీసుకోండి..." అట్లా సాగేది. ఆ ఆటలో ఉన్నవి మూడే మీటలు: ఒప్పుకో, వద్దను, కానుక పంపు. నేను టక్కుమని ఒకటి నొక్కేవాణ్ణి.

"అంతా రాసినావా?"

"రాసినా బావా."

విచిత్రం ఏమంటే ఆయన పద్ధతి పనిచేసింది. ఎర్రరాజు అడగకముందే బావ చిన్న చిన్న కానుకలు పంపించేవాడు. సరిహద్దున దండు నిలిపేవాడు, ఒక్క అడుగు దాటనిచ్చేవాడు కాదు. ఎర్రరాజూ నీలంరాజూ కొట్టుకుంటే ఇద్దరికీ జాబులు రాయించేవాడు, ఎవరి పక్కా చేరేవాడు కాదు. "కోపంగా ఉండేవాడు రెండు మాటలు అననీ, మూడోది మనం అందాం" అనేవాడు. నా చేతిలో వారం నిలవని రాజ్యం ఆయన చేతిలో నెలలకు నెలలు నిలిచింది.

ఇంత తెలిసిన మనిషి సొంత దాయాదితో అప్పటికే పదకొండేళ్లుగా మాట్లాడలేదు. అది కూడా చెప్పాలి. ఆ దాయాది బావకు పెద్దనాయన కొడుకు, తమ్ముడి వరస, పక్క చేను ఆయనదే. ఆ చేనికి పోయే బండి దోవ బావ చేనులోంచి ఉండేది. ఒక ఏడు వానలో దోవ బురదై, తమ్ముడి బండి శనక్కాయ పైరులోకి దిగి రెండు సాళ్లు తొక్కేసింది. బావ దోవకు అడ్డంగా ముళ్లకంప వేశాడు. తమ్ముడు ఒక్క మాట అనకుండా ఆ రోజు నుంచి వాన నీళ్లు పారే వంక చుట్టూ తిరిగి పోతున్నాడు. మా దిక్కు ఎంత పగ ఉన్నా బండి దోవ మూయరు. ఊరి తగాదాలు తీర్చే మనిషి మూశాడు. ఆయన తగాదా తీర్చేవాడు మాత్రం లేకపోయాడు.

ఒకసారి ఎర్రరాజు తాఖీదులో కప్పం లేదు.

"దోవ అడుగుతాండాడు బావా. నీలంరాజు మీదికి పోయేకి మన రాజ్యంలోంచి దండు పోనియ్యమంటాండాడు."

"ఇయ్యి. దోవ అడిగితే లేదంటామా?"

"ఆలోచన చేయి బావా."

"దోవ కాడ ఆలోచనేందప్పా?"

ఇచ్చాము. ఎర్రరాజు దండు నింపాదిగా మా రాజధాని దాకా వచ్చి ఆగింది. ఆ మరుసటి ఎత్తులో మా మీదే పడి రెండు పట్నాలు తీసుకుంది. నాకు నవ్వు ఆగలేదు.

"ఈడ కంప ఏసింటే సరిపోయేది బావా. చేన్లో ఏసినావు గదా" అన్నాను.

బావమరిది అన్నాక ఎకసెక్కం ఉంటుంది. కానీ అది తగలరానిచోట తగిలింది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "బస్సుకు టైమాయె" అని లేచాడు. ఇంకా గంట టైముంది.

నెల రోజులు రాలేదు. ఆ తర్వాత ఒకరోజు వచ్చి కూర్చుని, తెర వైపే చూస్తూ అన్నాడు.

"కంప తీసేసినా."

"ఆయప్పను పిలిచినావా?"

"తీసేస్తే కనపడదా?"

కనపడుతుంది. కానీ కనపడితే చాలదు. మూసినవాడే ఇంటికి పోయి, బండి తోలుకో అని నోటితో పిలవాలి. అంతవరకు ఎవరూ ఆ దోవ తొక్కరు. ఈ సంగతి ఆయన నాకంటే బాగా ఎరుగును, ఎన్నో ఇళ్లలో దగ్గరుండి పిలిపించినవాడు. తమ్ముడు వంక చుట్టూనే తిరిగాడు. ఖాళీ దోవలో గడ్డి మొలిచింది.

ఆ తర్వాత బావ ఎర్రరాజుకు చెప్పే జాబులు మారాయి. ఒకరోజు కళ్లు మూసుకుని ఇట్లా చెప్పాడు: "చూడప్పా, తప్పు నాది. రెండు సాళ్ల పైరు కోసరం ఇన్నేండ్లు నిన్ను చుట్టు తిప్పినా. దోవ నీ తాత కాలం నుంచీ ఉండేదే. తోలుకో."

ఎర్రరాజుకు సాళ్లెక్కడివి? నేను కానుక మీట నొక్కాను.

"నేను అంత చెప్తే నువ్వు ఒక్కసారే టక్కుమనిపిస్తావు. తెలుసులేప్పా" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"మరి ఎందుకు చెప్తావు బావా?"

"నోటికి అలవాటు కావల్ల గదా."

ఆ జాబే తర్వాత కూడా చాలాసార్లు చెప్పాడు, మాటలు అటూ ఇటూ మార్చి. ఆ ఇంటికి మాత్రం పోలేదు. పోయిన నెల కన్నుమూసేదాకా పోలేదు.

ఆ పొద్దున బస్సు దిగాక, దాయాదికి కబురు ఎవరు చెప్పాలని ఇంట్లో తర్జనభర్జన పడుతుంటే నేను పోయాను. తమ్ముడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పాను.

"నా గురించి ఏమన్నా చెప్పినాడా?"

"చెప్పినాడు. తప్పు నాది అన్నాడు. రెండు సాళ్ల పైరు కోసరం ఇన్నేండ్లు నిన్ను చుట్టు తిప్పినా అన్నాడు. దోవ నీ తాత కాలం నుంచీ ఉండేదే, తోలుకో అన్నాడు."

ఈసారి మీట నొక్కి సరిపెట్టలేదు. ఒక్క మాట వదలకుండా చెప్పాను.

"ఎప్పుడు చెప్పినాడు?"

"చానా సార్లు."

"నీతో చెప్పేదేంది? నా ఇంటికి ఎంత దూరం?"

ఆయన లేచి తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

"గుంత యాడ తీస్తాండారు?"

"చేన్లోనే, బాయి కాడ."

"పారలు, గడ్డపారలు నేను తెస్తా. నువ్వు పో."

గుంత తీసేవాళ్లం చేనికి చేరేసరికి ఎండ ముదిరింది. తమ్ముడు వంక వైపు నుంచే వస్తాడని అటే చూస్తూ నిలబడ్డాము. ట్రాక్టరు శబ్దం ఇటు నుంచి వచ్చింది. గడ్డి మొలిచిన పాత బండి దోవలో వస్తున్నాడు. మధ్యలో ఒక రాయి అడ్డముంటే ట్రాక్టరు ఆపి, దిగి, దాన్ని ఎత్తి గట్టు మీద పెట్టి, మళ్లీ ఎక్కి తోలుకొచ్చాడు.